తాళం పడిన బడి రిజిస్టరు

అది నేను రిటైరైన రెండో ఏడు. ఒక సోమవారం పొద్దున, తెలుగు నేల సరిహద్దు దాటగానే హిందీ రాష్ట్రంలో వచ్చే కోంటలో, మా ఇంటి గేటు దగ్గర చెప్పులు విడిచి ఒక యువతి లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అరుగు అంచున ఒదిగి కూర్చుని, “గుర్తువట్టిన్రా మేడం?” అంది.

గుర్తుపట్టలేదు. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషిని ఆ ప్రశ్న అడగడం అన్యాయం. ఎనిమిదేళ్ళ పిల్ల ఒక బిడ్డకు తల్లయి వచ్చి నిలబడితే పాత ముఖం ఎంతని మిగులుతుంది? అయినా టీచర్లందరం ఆడే అబద్ధమే నేనూ ఆడాను. “ఎందుకు పట్టను బిడ్డా” అన్నాను. ఆమె నవ్వింది. నా మాట నమ్మలేదని ఆ నవ్వులోనే తెలిసింది.

మరైగూడ దగ్గరి పల్లెలో నేను పనిచేసిన బడిలో మూడో తరగతి దాకా చదివానని తనే చెప్పింది. ఆ తర్వాత అడవిలో తుపాకుల గొడవల కాలం వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు మూటలు కట్టుకుని తెలంగాణ వైపు వెళ్ళిపోయాయి. వాళ్ళ కుటుంబమూ వెళ్ళింది. అక్కడ మిరప తోటల్లో కూలి చేస్తూ పెరిగి, అక్కడే పెళ్ళి చేసుకుని, ఇప్పుడు తండ్రి పొలం దున్నుకుందామని మొగుడితో, ఆరేళ్ళ కూతురితో తిరిగి వచ్చింది. ఆ పిల్లకు ఇక్కడి ఆడపిల్లల ఆశ్రమ బడిలో సీటు దొరికింది. గురువారంలోగా తల్లి జాతి ప్రమాణపత్రం, అంటే కుల ధ్రువీకరణ పత్రం, చూపించాలి. లేకపోతే ఆ సీటు ఇంకొకరికి వెళ్తుంది.

తహసీలు ఆఫీసు గుమాస్తాను ఇక్కడ అందరూ బాబు అంటారు. ఆ బాబు ఆమె ఆధార్ కార్డు తిప్పి చూశాడట. దాని మీద తెలంగాణ చిరునామా ఉంది. ఇక్కడి మనిషివని రుజువేమిటి, ఇక్కడి బడిలో చదివిన దాఖలా ఉంటే పట్టుకురా అన్నాడట.

“రిజిస్టర్ల నా పేరుంటది గద మేడం. ఆ ఒక్క కాయితం ఇప్పియ్యుండ్రి. నా పిల్ల చదువుకుంటది” అంది.

మా బళ్ళలో దాఖిల్ ఖారిజ్ అని ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. బడిలో చేరిన ప్రతి పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ అందులో ఎక్కుతాయి. గొడవల్లో మా బడి కప్పు పోయినప్పుడు ఆ రిజిస్టరును యూరియా సంచిలో చుట్టి మా ఇంటికి తెచ్చుకున్నాను. తడిసిన పుస్తకం, దానికి తోడు చెదలు. కొన్నేళ్ళకు అది పేజీ తిప్పితే పొడి రాలే స్థితికి వచ్చింది. ఒక వేసవి సెలవుల్లో పట్టు పట్టి ప్రతి పేజీకీ ఫోటో తీసి నా లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. మిగిలిన పొడిని బ్లాకు ఆఫీసుకు అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. అంటే ఆ రిజిస్టరు ఇక లోకంలో ఉన్నది నా లాప్‌టాప్‌లోనే.

ఈ సంగతంతా గొప్పగా చెప్పి, “ఒక్క నిమిషం కూర్చో, ఇప్పుడే తీసిస్తాను” అన్నాను. బీరువాలో చీరల కింద, కలరా ఉండల మధ్య పడుకున్న లాప్‌టాప్‌ను తీసి చార్జింగుకు పెట్టాను. వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది.

నా చేతులు కీబోర్డు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. బుర్రలో ఏమీ లేదు. పెళ్ళి రోజు కొట్టాను, కాదంది. మా ఆయన ఫోను నంబరు కొట్టాను, కాదంది. బడి కోడు నంబరు, పాత ఇంటి నంబరు, చివరికి నా పేరే కొట్టాను. అన్నిటికీ ఒకటే మాట, తప్పు అని.

ఇది నా స్వయంకృతం. మా బ్లాకులో అందరు హెడ్మాస్టర్లూ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి లాప్‌టాప్ మూత మీదే అతికించుకునేవాళ్ళు. నేనూ అంతే. ఒకసారి జిల్లా కేంద్రం సుక్మాలో ట్రైనింగ్ పెట్టి, వచ్చిన అధికారి ఆ కాగితాలన్నీ పీకించాడు. కొత్తది పెట్టుకోండి, పేర్లూ తేదీలూ పెట్టొద్దు, ఎక్కడా రాయొద్దు అన్నాడు. మిగతావాళ్ళు తల ఊపి, ఆయన వెళ్ళగానే మళ్ళీ రాసుకున్నారు. నేను మాత్రం రాయలేదు. చెప్పిన మాట వినలేదని జీవితమంతా పిల్లలతో గోడ కుర్చీ వేయించినదాన్ని, నేనే వినకపోతే ఎలా అనుకున్నాను. బడిలో ఉన్నన్నాళ్ళు రోజూ కొడుతూ ఉండేదాన్ని కాబట్టి వేళ్ళకు గుర్తుండేది. రెండేళ్ళు బీరువాలో పెట్టేసరికి వేళ్ళూ మర్చిపోయాయి.

పాస్‌వర్డ్ పోయినందుకు కాదు నాకు భయం వేసింది. జ్ఞాపకశక్తి నా గర్వం. అరవై మంది హాజరు పుస్తకం చూడకుండా పిలిచేదాన్ని. అలాంటిది నేను పెట్టిన ఎనిమిది అక్షరాలు నాకు గుర్తు లేవు. అదీ నా దగ్గర చదువుకున్న పిల్ల ముందు. ఆమె నా ముఖమే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం ఇద్దరం ఆటోలో బజారులోని రిపేరు దుకాణానికి వెళ్ళాం. మొబైళ్ళు, కంప్యూటర్లు బాగుచేసే అతను నడివయసు మనిషి, నిదానస్తుడు. లాప్‌టాప్‌ను అటూ ఇటూ తిప్పి, “ఫార్మాట్ కొట్టాలె మేడం. కొత్తగా అయితది” అన్నాడు.

“లోపలివి?”

“లోపలియి వోతయి.”

“పోతే ఇంక బాగు చేసిందేంది నాయనా?”

అతను తల గోక్కున్నాడు. జగ్దల్‌పూర్ పంపితే లోపలివి పోకుండా తీసేవాళ్ళున్నారనీ, పది రోజులు పడుతుందనీ చెప్పాడు. గురువారానికి మధ్యలో రెండు రోజులే ఉన్నాయి. నా పక్కనున్న ఆమెకు హిందీ, తెలుగు, ఇంటి భాష దోర్లీ అన్నీ వచ్చు. పది రోజులు అన్న మాట ఏ భాషలో విన్నా ఒకటే కదా. కొంగుతో ముఖం తుడుచుకుంది.

అప్పుడు అతనే పాస్‌వర్డ్ గడి కింద చిన్న అక్షరాల వరస చూపించాడు. మరిచిపోతే అడిగే ప్రశ్నలు ముందే పెట్టి ఉన్నాయట. “మూడిటికీ జవాబు ఒకేసారి కరెక్టుగా కొడితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోనిస్తది. మీరు రాసినయే గద మేడం, మీకే తెల్వాలె” అన్నాడు. బ్రహ్మ రాసిన రాతయితే తెలియకపోవచ్చు, నేను రాసింది నాకు తెలియకపోవడమేమిటని నాకూ ధైర్యం వచ్చింది.

ఆ ప్రశ్నలు చూడగానే సుక్మా ట్రైనింగ్ హాలు కళ్ళ ముందుకొచ్చింది. అరడజను ప్రశ్నల్లో మూడు ఎంచుకోమన్నారు. మీ అందరిలో పెద్ద కజిన్ పేరేమిటని ఒకటి. మా ఇళ్ళలో కజిన్ అనే మనిషి లేడు. అన్నలున్నారు, బావలున్నారు, వదినలున్నారు. మీ అమ్మానాన్నలు మొదట కలుసుకున్న ఊరేదని ఇంకొకటి. మా అమ్మ సొంత మేనబావనే చేసుకుంది. ఆమె ఉయ్యాల తాడు లాగినవాడే తర్వాత తాళి కట్టాడు. వాళ్ళు మొదట కలుసుకున్నదెప్పుడో వాళ్ళకే తెలియదు. మొదట పెంచుకున్న జంతువు పేరేమిటని మరొకటి. మా ఇంట్లో ఎడ్లూ కోళ్ళూ ఉండేవి, పెంపుడు జంతువులు లేవు. అవన్నీ వదిలేసి మిగిలిన మూడూ తీసుకున్నాను. పుట్టిన ఊరు, మొదట చదివిన బడి, చిన్ననాటి ముద్దు పేరు.

తేలిక ప్రశ్నలే అనుకుంటారు. కానీ ఈ సరిహద్దున పుట్టి పెరిగినవాళ్ళకు ఇలాంటి ప్రశ్నలకు రెండేసి జవాబులుంటాయి. ఒకటి నిజం, ఒకటి కాగితం.

మా నాన్నది కోంట దగ్గరి ఎర్రబోరు. అమ్మ పుట్టిల్లు శబరి నది అవతల, తెలుగు వైపున్న కూనవరం. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి నేను కూనవరంలో పుట్టాను. అక్కడే అమ్మమ్మ దగ్గర పెరుగుతూ ఒక ఏడాది వీధిబడిలో తెలుగు అక్షరాలు దిద్దాను. తర్వాత నాన్న కోంటకు తీసుకొచ్చి హిందీ బడిలో వేశాడు. పుట్టిన ఊరేదని అక్కడి మాస్టారు అడిగితే నాన్న ఒక్క క్షణం ఆలోచించి, “ఇక్కడే రాయుండ్రి” అన్నాడు. ముందుచూపున్న మనిషి. ఇక్కడే పుట్టానని రాసి ఉండడం వల్ల నాకు ఇక్కడి నివాస పత్రం, దాని వల్ల ఉద్యోగం అడ్డు లేకుండా వచ్చాయి. ఆ తర్వాత నా సర్వీసు పుస్తకంలో, ఓటరు కార్డులో, పెన్షన్ కాగితాల్లో అన్నిటా నేను కోంట మనిషినే. ఉద్యోగం చేసినంత కాలం ఎవరో ఒకరు కూనవరం సంగతి బయటపెడతారేమోనని లోలోపల బెదురుతూనే ఉన్నాను.

ట్రైనింగ్ హాలులో కూర్చున్నాను కాబట్టి కాగితం జవాబులే రాసి ఉంటానని ముందు వాటినే కొట్టాను. కోంట, కోంట బడి, అమ్మమ్మ పెట్టిన ముద్దు పేరు. ఆ ముద్దు పేరు మాత్రం ఇక్కడ చెప్పను, అది నా ఒక్కదానిది. జవాబులు కలవలేదంది. ఏది తప్పో చెప్పదు, ఎక్కడో తప్పుందని మాత్రమే చెబుతుంది. మరీ మొండి అధికారి బుద్ధి దానిది. సరే, యంత్రంతో అబద్ధమెందుకాడతానని ఈసారి మూడూ నిజాలే కొట్టాను. కూనవరం, వీధిబడి, ముద్దు పేరు. అదీ కలవలేదు. ఒత్తులు మార్చీ, అక్షరాలు కలిపీ విడదీసీ చూశాను. చివరికి ఇక కాసేపు ఆగమని చెప్పి తలుపు వేసుకుంది.

“సాయంత్రం మళ్ళ చూడుండ్రి మేడం” అన్నాడు దుకాణం అతను.

ఇంటికొచ్చి అన్నం వండాను. ఆమె వద్దంటూనే కూర తరిగింది. తింటూ ఉంటే అడిగాను, ఆధార్‌లో తెలంగాణ ఊరు ఎలా ఎక్కిందని.

“కార్డులు రాసే సారు ఏ ఊరు మీది అని అడిగిండు. నేను మా ఊరు పేరే చెప్పవోయిన. మా నాన్న నా కాలు తొక్కిండు” అంది. “అటెంక గా సారే చెప్పిండు, ఈడి ఊరే అని చెప్తెనే రేషన్ కార్డు అయితదని. అడిగెటోళ్ళకు ఏది కావాల్నో అదే చెప్పాలె గద మేడం. ఆయన ఎదురుంగ ఉండె మరి.”

ఆమె ఆ మాట మామూలుగానే అంది, పప్పు కలుపుకుంటూ. నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అవతల పుట్టిన నన్ను ఒక మాస్టారి కలం ఇక్కడి మనిషిని చేసింది. ఇక్కడ పుట్టిన ఈమెను ఇంకొకరి కలం అవతలి మనిషిని చేసింది. నేను దర్జాగా పెన్షన్ తీసుకుంటున్నాను. ఈమె తహసీలు మెట్లు ఎక్కి దిగుతోంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో పాటు ఇంకొకటీ గుర్తొచ్చింది.

ఆ రోజు హాలులో ఆ అధికారి మా వెనకనుంచి తిరుగుతున్నాడు. నేను మొదటి ప్రశ్నకు జవాబు కొట్టబోయేసరికి నా కుర్చీ వెనకే ఆగాడు. ఆయన చొక్కా సెంటు వాసన కూడా గుర్తుంది. ఎదుట అధికారి ఉంటే నా చేతికి కూనవరం అని రాసే ధైర్యం ఎప్పుడూ లేదు. తర్వాత ఎవరో పిలిస్తే ఆయన ముందు వరసకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం దుకాణంలో కూర్చుని, మొదటి గడిలో కోంట అని కొట్టాను. రెండో గడిలో కూనవరం వీధిబడి, మూడో గడిలో అమ్మమ్మ పెట్టిన పేరు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. దుకాణం అతను చప్పట్లు కొట్టాడు. ఆమె నా మోచేయి పట్టుకుంది. నాకు మాత్రం చిన్న దొంగతనం పట్టుబడినట్టుగానే ఉంది. ఎవరూ తనిఖీ చేయని చోట కూడా, సగం వెనక్కి తిరిగి చూసి అబద్ధం రాసినదాన్ని నేను.

ఫోటోలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆమె చేరిన ఏడాది పేజీ తెరిచి ఇద్దరం తలలు ఆనించి వెతికాం. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. ఆమె పేరు ఎక్కడా లేదు.

ఉండదు. ఎందుకుండదో నాకు రెండోసారి చూస్తున్నప్పుడు తెలిసింది. మా వైపు చాలా ఇళ్ళలో ఏ వారం పుట్టిన పిల్లకు ఆ వారం పేరే పెడతారు. ఈమె బుధవారం పిల్ల. ఒకే తరగతిలో ముగ్గురు బుధవారాలు, నలుగురు సోమవారాలు ఉంటే హాజరు పిలవడమెలా? అందుకని మా టీచర్లు చేరేటప్పుడే ఒక హిందీ బడిపేరు పెట్టేసేవాళ్ళు. నేనూ పెట్టాను, వందల మందికి. పువ్వుల పేర్లు, నదుల పేర్లు, దేవతల పేర్లు. ఎవరినీ అడగలేదు. మంచి పేర్లు ఇస్తున్నాననే అనుకున్నాను. పుట్టిన తేదీలన్నీ జులై ఒకటే.

“నీ బడిపేరేమిటి బిడ్డా?”

“యాద్ లేదు మేడం. ఇంటికాడ ఎవరు పిలిచిన్రు దాన్ని.”

తండ్రి పేరుతో వెతికాను. ఆయనా ఒక వారం పేరువాడే. అదే తండ్రి పేరు, అదే ఇంటిపేరు, అదే ఊరు, అదే తేదీ ఉన్న ఆడపిల్లలు ఆ పేజీలో ఇద్దరున్నారు, పై వరసలో ఒకరు, దాని కిందే ఇంకొకరు. ఒకామెకు పువ్వు పేరు, రెండో ఆమెకు నది పేరు. ఇద్దరినీ కలగాపులగం కాకుండా విడదీయడానికి నేను పెట్టిన పేర్లు. దస్తూరీ నాదే. ఎవరికి ఏది పెట్టానో నాకు గుర్తు లేదు.

“ఈ రెండిట్ల ఒకటి నా దోస్తుది” అంది ఆమె, వేలు తెర మీద పెట్టి. “ఆల్ల నాయిన పేరు, మా నాయిన పేరు ఒక్కటే. ఒక్క బుధవారం అది, ఎన్కటి బుధవారం నేను పుట్టినం. మీరు హాజరు పిలుస్తె రెండు పేర్లకు ఇద్దరం లేచేటోళ్ళం మేడం. మీరు కొట్టేటోళ్ళు.”

కొట్టి ఉంటాను. ఆ స్నేహితురాలు ఎక్కడుందని అడిగాను. వాళ్ళు ములుగు వైపు వెళ్ళారని, మళ్ళీ కలవలేదని చెప్పింది.

ఆ పేజీ ప్రింటు తీసి, అప్పటి హెడ్మిస్ట్రెస్‌ను నేనేనని, ఫలానా పేరున్న పిల్ల ఈమేనని స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఏ పేరని రాయను? తప్పు పేరు రాస్తే, రేపు ఆ రెండో పిల్ల కూడా తన బిడ్డను వెంటబెట్టుకుని వస్తే? పెన్ను కింద పెట్టాను. నాకు తెలియదని ఆమెకు చెప్పేశాను. గుర్తుపట్టానని పొద్దున ఆడిన అబద్ధమూ ఒప్పుకున్నాను.

ఆమె ఏమీ కంగారు పడలేదు. తెర మీది రెండు వరసలూ చూసి, “మొదటిది దానికుండనియ్యుండ్రి మేడం. అది నాకన్న వారం పెద్దది. వచ్చినప్పుడు తీసుకుంటది. నాకు కిందిది రాయుండ్రి” అంది.

నేను నది పేరు రాసి, దాని పక్కన అలియాస్ అనే అర్థంలో ఉర్ఫ్ అని పెట్టి, ఆమె అసలు పేరు రాశాను. సంతకం చేశాను.

గురువారం తహసీలుకు నేనూ వెళ్ళాను. బాబు ప్రింటు చూశాడు, నా కాగితం చూశాడు, ఆమెను చూశాడు. “పక్కా యహీ హై క్యా, మేడమ్?” అని నన్ను అడిగాడు, ఖచ్చితంగా ఈమేనా అని.

“మైనే హీ నామ్ రఖా థా” అన్నాను. పేరు పెట్టింది నేనే అని. అది నిజమే. కానీ అతను అడిగింది అది కాదు. అతనికి ఆ తేడా పట్టలేదు. ముద్ర వేసి, సాయంత్రానికి ప్రమాణపత్రం చేతిలో పెట్టాడు.

అక్కడినుంచి ముగ్గురం ఆశ్రమ బడికి వెళ్ళాం. మూడో మనిషి ఆమె కూతురు. నూనె రాసి బిగించిన రెండు జడలతో, తల్లి కొంగు వదలకుండా వచ్చింది. ఆఫీసు గదిలో ఫారం ఇచ్చారు. ఆమె దాన్ని రెండు చేతులతో తెచ్చి నా ఒళ్ళో పెట్టి, “పేరు రాసే కాడ ఆపిన మేడం. దీనికి గుడ బడిపేరు మీరే పెట్టుండ్రి, మంచిది” అంది.

నేను ఆమెకు క్షమాపణ చెప్పాలనుకున్నాను. అది చెబితే ఆమెకు అర్థం కాదు. ఆమె నన్ను గౌరవిస్తోంది, నా మీద ఆమెకు ఏ కోపమూ లేదు. నాకే ఏడుపు వచ్చింది. పిల్లను దగ్గరికి తీసుకుని నీ పేరేమిటని అడిగాను. తల్లి వైపు చూసి, మెల్లగా చెప్పింది. శనివారం పిల్ల.

“ఇదే మంచి పేరు” అని ఆ పేరే ఫారంలో రాశాను. తల్లి కొంచెం చిన్నబుచ్చుకుంది. అక్కడి టీచరమ్మ ఫారం అందుకుని, చదివి, ఈ తరగతిలో ఈ పేరువాళ్ళు ఇప్పటికే ఇద్దరున్నారు మేడం, వేరేది ఏదైనా రాయండి అంది. నేను పెన్ను మూత పెట్టేసి, ముగ్గురినీ గుర్తుపట్టడం నేర్చుకోమన్నాను.